రెల్లులంక పడవకి అధ్యక్షురాలెవరు

రిజిస్టరు కవరు తిరిగొచ్చిందని రేవుల సెక్షన్ గుమాస్తా పెద్దిరాజు గారు ఫోన్ చేసేసరికి, శ్యాంబాబు నోటి దాకా తీసుకెళ్ళిన టీ గ్లాసు తాగకుండానే బల్ల మీద పెట్టేశాడు. అడ్రసు తప్పా అంటే కాదు. మనిషి ఊళ్ళో లేదా అంటే ఉంది. పోస్ట్‌మేన్ రాముడు పనిగట్టుకుని పడవెక్కి లంకకి వెళ్ళాడు, గుమ్మం ముందు నిలబడి కవరు చూపించాడు, సంతకం పెట్టమన్నాడు. ఆవిడ పెట్టనంది. అతను కవరు మీద ‘తీసుకోవడానికి నిరాకరించారు’ అని రాసి వెనక్కి తిప్పేశాడు.

“తొమ్మిది నెలలు నా ప్రాణం తోడేశారు కదండీ ఆ పర్మిషన్ కోసం. తీరా ఇస్తే వద్దంటారేంటండీ మీవాళ్ళు” అన్నాడు పెద్దిరాజు గారు.

శ్యాంబాబు వెళ్ళి కనుక్కుంటానని చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఎదురుగా తిట్టడానికి మనిషెవరూ లేరు కాబట్టి గోడకున్న చార్టుని తిట్టాడు. దాని మీద డైరెక్టరు గారి గుండ్రటి దస్తూరీతో ‘సంఘాల బలోపేతానికి ఏడు మెట్లు’ అని ఉంది. రెల్లులంక ఆడవాళ్ళు ఆ ఏడింటిలో ఒక్కదాని మీద కూడా కాలు పెట్టలేదు.

అది ‘చేయూత’ సహాయ కేంద్రం. రాజమండ్రి దానవాయిపేటలో ఒక మేడమీది వాటా. పల్లెల్లో ఎవరూ చెప్పకుండానే తమంతట తాము ఏదో ఒక మంచి పని నెత్తికెత్తుకున్న చిన్న చిన్న సంఘాలుంటాయి. పని చేయడం వాళ్ళకి వచ్చు, కాగితాలంటే భయం. వాళ్ళ తరఫున దరఖాస్తులు రాసిపెట్టడం, ఏ ఆఫీసులో ఏ బల్ల దగ్గరికి వెళ్ళాలో చూపించడం, మధ్యమధ్య శిక్షణలు పెట్టడం ఈ కేంద్రం పని. శ్యాంబాబు ఒకప్పుడు ట్యుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడు. అది మూతపడ్డాక ఇందులో చేరి ఆరేళ్ళయింది. ఊళ్ళల్లో ఇప్పటికీ మాస్టారనే పిలుస్తారు. నూట నలభై సంఘాలు అతని చేతి మీదుగా నడిచాయి. డైరెక్టరు శివరామకృష్ణ గారు రిటైరైన ప్రిన్సిపాలు, ఆయనకి సూత్రాలంటే మోజు. అందులో మొదటిది: మనం దారి చూపించేవాళ్ళమే గాని బాధ్యులం కాదు, కనుక ఏ సంఘం కాగితం మీదా మన సంతకం ఉండకూడదు. ఆరేళ్ళలో శ్యాంబాబు వేలమంది చేత సంతకాలు పెట్టించాడు, తను ఒక్కటీ పెట్టలేదు.

ఈ నూట నలభై ఒక ఎత్తు, రెల్లులంక ఒక ఎత్తు. ఆ లంక పేరు వింటేనే అతనికి కణతలు నొప్పి పుట్టేవి.

గౌతమి మధ్యలో అరవై గడపల లంక అది. దొండ, బీర, అరటి వేస్తారు. అవతలి గట్టుకి రావాలంటే రేవు దాటాలి. ఆ రేవుని ఏటా వేలం పాట పెడతారు, నాలుగేళ్ళుగా బుల్లిరాజు గారే పాడుకుంటున్నారు. పాడుకున్నవాళ్ళ పడవ తప్ప ఇంకొకరి పడవ ఆ రేవులో తిరగకూడదు. బుల్లిరాజు గారి పడవ పొద్దున్న ఆరింటికి మొదలవుతుంది, సాయంత్రం ఆరింటికి గట్టు వైపు కట్టేస్తారు. ఆ తరవాత గొంతు చించుకున్నా పలికేవాడుండడు.

కిందటేడు ఆగస్టులో సంపూర్ణమ్మ మనవరాలు, పదేళ్ళ పాపాయిని చిక్కుడు పాదులో పాము కరిచింది. రేవుకి మోసుకొచ్చేసరికి ఆరున్నర. లంకంతా కలిసి కేకలేసింది. ఎనిమిది కాకుండానే ఆ పిల్ల ఇసుకలోనే పోయింది. పెద్దకర్మ అయిన మర్నాడు పదకొండు మంది ఆడవాళ్ళు ఒకటై, యానాం వైపు వెళ్ళి ఒక పాత పడవ తెచ్చుకున్నారు. సందులు పూడ్చి తారు పూశారు. ఎవరికి ఆపదొచ్చినా ఉచితంగా దాటిస్తామన్నారు. ఇంతా చేశాక రేవుల సెక్షన్ పర్మిషన్ లేదని బుల్లిరాజు గారి మనుషులు అడ్డం తిరిగారు. పడవ లంక ఒడ్డున బోర్లా పడుకుంది. వాళ్ళు చేయూత మెట్లెక్కారు.

అదిగో, అక్కడ మొదలైంది శ్యాంబాబు గ్రహచారం. నాయకత్వ శిక్షణకి సంఘానికి ఇద్దరు చొప్పున రమ్మంటే రెల్లులంక నుంచి పదకొండు మందీ దిగారు. భోజనం పొట్లాలు చాలక డైరెక్టరు గారు ఆ పూట అరటిపళ్ళతో సరిపెట్టుకున్నారు. మీ నాయకురాలెవరని అడిగితే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పడవ మీద ఏం పేరు రాయించాలని శ్యాంబాబు లంకకి వెళ్ళి అడిగితే, ఒకావిడ పెద్దాపురంలో కూతురి పురిటికి వెళ్ళిందని, ఆవిడొచ్చాక రమ్మని, మంచినీళ్ళిచ్చి పంపేశారు. పడవ మీద పేరుకి కూడానా అని అతనికి ఒళ్ళు మండింది. పది మందున్నారు కదా చాలదా అంటే సంపూర్ణమ్మ చాలా మర్యాదగా, “పదకొండు మందీ ఉంటేనే మాటండి” అంది. ఎందుకని అతను అడగలేదు. తన నోట్‌బుక్కులో మాత్రం ‘నాయకత్వ లోపం, నిర్ణయ సామర్థ్యం తక్కువ’ అని రాసుకుని కింద గీత గీశాడు.

పర్మిషన్ దరఖాస్తు దగ్గర అతని ఓపిక పూర్తిగా అయిపోయింది. వాళ్ళు చెప్పిందే రూళ్ళ కాగితం మీద రాశాడు. రేయనక పగలనక ఏ వేళ ఆపదొచ్చినా పడవ కడతామన్నారు, రాశాడు. అధ్యక్షురాలు అన్నచోట పదకొండు పేర్లూ చెప్పారు, అవీ రాశాడు. వేరే కాగితం మీద అందరి సంతకాలూ వేలిముద్రలూ తీసుకున్నాడు. పెద్దిరాజు గారు దాన్ని వేలి చివరతో నెట్టేశారు. పదకొండు మంది అధ్యక్షులున్న సంఘాన్ని తన సర్వీసులో చూడలేదన్నారు, ఒక్క పేరు రాసుకుని రమ్మన్నారు. అప్పటికి శ్యాంబాబు ఆ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి ఉన్నాడు. మళ్ళీ లంకకి వెళ్ళాలి, మళ్ళీ పదకొండు మందీ దొరకాలి, మళ్ళీ మంచినీళ్ళు తాగాలి. అంత ఓపిక లేక వరండాలోనే కూర్చుని, సంచీలో ఉన్న చేయూత వారి నమూనా దరఖాస్తు ఒకటి తీశాడు. ఖాళీలు నింపాడు. అధ్యక్షురాలు అన్న గడిలో ఆ పదకొండు పేర్లలో ఒకటి, ‘బేబి’ అని రాశాడు. పాత కాగితంలోంచి సంతకాల పేజీ లాగి దీనికి గుచ్చాడు. పెద్దిరాజు గారు ముద్ర వేశారు. ఒక మంచి పని ఎంత సులువుగా అయిపోయిందోనని శ్యాంబాబు ఆ సాయంత్రం పునుగులు కూడా తిన్నాడు.

ఇప్పుడు ఆ బేబి సంతకం పెట్టనంటోంది. పైగా ఆవిడ కోడలు లావణ్యకే నెలలు నిండుతున్నాయి. జూలై వచ్చేసింది, గోదాట్లో ఎర్రనీళ్ళు దిగుతున్నాయి. ఈ మనుషులకి ఏం కావాలో ఆ దేవుడికైనా తెలుసా అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పెద్దిరాజు గారిని బతిమాలి, కవరు తనే అందజేస్తానని తీసుకున్నాడు. గుమాస్తా గారు రెండు షరతులు పెట్టారు. ముందు రసీదు మీద ఆవిడ సంతకం, ఆ తరవాతే కవరు విప్పడం. పది రోజుల్లో రసీదు రాకపోతే పర్మిషన్ రద్దు. శ్యాంబాబు రావులపాలెం బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో గట్టు మీదుగా రేవుకొచ్చి, బుల్లిరాజు గారి పడవలోనే లంక చేరాడు. దారి పొడుగునా ఏమేం అనాలో కూర్చుకుంటూనే ఉన్నాడు. ఒడ్డున వాళ్ళ పడవ ఇంకా బోర్లానే ఉంది. దాని మీద ఎవరో వడియాలు ఎండబెట్టారు. అది చూసేసరికి మిగిలిన కాస్త మర్యాదా ఎగిరిపోయింది.

ప్రార్థన మందిరం వరండాలో ఆడవాళ్ళు చేరారు. లెక్కపెడితే పది మంది. బేబి లేదు. శ్యాంబాబు చెప్పులు కూడా విప్పకుండా అందుకున్నాడు. తొమ్మిది నెలల్లో తను ఎన్ని బస్సులెక్కాడో చెప్పాడు. పర్మిషన్ చేతికొస్తే ఎవరైనా తిప్పి పంపుతారా అన్నాడు. రేపు వరదొస్తే ఎవరు బాధ్యులన్నాడు. వాళ్ళు తలలొంచుకుని విన్నారు. అతను ఆయాసంతో ఆగాక సంపూర్ణమ్మ తనలో తను చెప్పుకున్నట్టు నెమ్మదిగా అంది.

“బేబి రాలేదు కదండీ మాస్టారూ. పదకొండు మందీ లేందే మేం ఏం మాటాడతామండి.”

“పదకొండు, పదకొండు! ఈ పదకొండు గోలేంటండీ మీకు? ఒక్కళ్ళ మీద ఒక్కళ్ళకి ఆ మాత్రం నమ్మకం లేనప్పుడు సంఘం దేనికండీ?”

ఆ మాట అతని నోట్లోంచి వచ్చేసింది. సంపూర్ణమ్మ అతన్ని అరుగు మీద కూర్చోమంది. ఆవిడకి డెబ్బై దగ్గర పడుతున్నాయి. కోపగించుకోవలసిన మాటకి కోపగించుకోలేదు, దాంతో శ్యాంబాబు ఇంకా ఇబ్బంది పడుతూ కూర్చున్నాడు.

ఈ లంకలో ఒకప్పుడు బడి ఉండేదని చెప్పింది సంపూర్ణమ్మ. ఒక పెంకుటిల్లు, ఒక టీచరు, ముప్ఫై మంది పిల్లలు. అప్పుడు కూడా ఆడవాళ్ళకొక సంఘం ఉండేది, దానికి బేబి లీడరు. ఏడో తరగతి దాకా చదువుకుంది కాబట్టి అందరూ కలిసి ఆమెనే పెట్టారు. నాలుగేళ్ళ కిందట గట్టు మీద మీటింగుకి లీడర్లని మాత్రమే రమ్మంటే ఒక్కతీ వెళ్ళింది. అక్కడ ఎవరో ఒక కాగితం తెచ్చి, టైమైపోతోంది, అందరూ పెట్టారు, నువ్వూ పెట్టమ్మా అన్నారు. పెట్టింది. వచ్చేటప్పుడు మీటింగులో ఇచ్చిన బిస్కెట్లు పిల్లలందరికీ కొంగున కట్టి తెచ్చింది. జూన్‌లో బడి తెరవలేదు. పిల్లలు తక్కువున్నారని, గట్టు మీది బడిలో కలిపేస్తే మాకు సమ్మతమేనని లంక తరఫున రాసిచ్చారట. కింద బేబి సంతకం. రోజూ పడవెక్కించి పంపలేక సగం మంది పిల్లల్ని మానిపించేశారు.

“దాన్ని మేమేం అనలేదండి. అదే యేడాది పాటు ఎవరింటి గుమ్మమూ తొక్కలేదు. పడవ సంగతి వచ్చినప్పుడు నేనే వెళ్ళి లాక్కొచ్చానండి. ఇక మీదట ఏ కాగితమైనా పదకొండు మందిమీ పెడదాం, తప్పయితే పదకొండు మందిదీ అవుద్దని చెప్పి తీసుకొచ్చాను. అది నమ్మి వచ్చిందండి.”

సంపూర్ణమ్మ ఇంకా చెప్తోంది. నాలుగు రోజుల కిందట పోస్ట్‌మేన్ రేవులో దిగుతూనే, అధ్యక్షురాలు బేబి ఎవరమ్మా అని పెద్దగా అడిగాడు. అందరూ విన్నారు. ఎవరికీ తెలియకుండా మళ్ళీ ఒక్కతీ వెళ్ళి ఏదో రాసిచ్చిందనుకున్నారు. అడిగితే తనకి తెలియదని ఏడ్చింది. కొంతమంది నమ్మారు, కొంతమంది నమ్మలేదు. నమ్మనివాళ్ళు కూడా ఈ వరండాలోనే ఉన్నారని, వాళ్ళ మొహాల వైపు చూడకుండా చెప్పింది.

నోట్‌బుక్కు శ్యాంబాబు జేబులోనే ఉంది. ‘నాయకత్వ లోపం’ అన్నచోట గీసిన గీత గుర్తొచ్చింది. పన్నెండుసార్లు వచ్చాడు ఈ లంకకి. పన్నెండుసార్లలో ఒక్కసారి ఎందుకమ్మా అని అడిగుంటే సరిపోయేది. ఇప్పటిదాకా ఈ ఆడవాళ్ళ మీద, గుమాస్తా మీద, పోస్ట్‌మేన్ మీద పంచిపెట్టిన విసుగంతా ఒక్కసారిగా తన మీదికే తిరిగింది. అయినా ఆ మాట ఇక్కడ, ఈ పది మందికే చెప్పి ఊరుకుంటే కుదరదు.

“బేబి గారింటికి వెళ్దాం పదండి” అన్నాడు. “పదకొండు మందీ ఉండగా చెప్పాల్సిన మాటొకటి ఉంది.”

బేబి పెరట్లో దొండకాయలు గంపకెత్తుతోంది. నలభై అయిదేళ్ళుంటాయి, సన్నటి మనిషి. గుంపుని చూసి లేచి నిలబడింది గాని రమ్మని అనలేదు. లావణ్య నిండు పొట్టతో గుమ్మం పట్టుకుని చూస్తోంది. ఆడవాళ్ళు దడి పక్కన ఆగిపోయారు. శ్యాంబాబు ఒక్కడే ముందుకెళ్ళాడు. ట్యుటోరియల్లో రెండొందల మంది ముందు గడగడా పాఠం చెప్పినవాడికి ఈ పెరట్లో మాట తడబడింది.

“మీ పేరు రాసింది నేనండి.” దడి వైపు తిరిగాడు. “ఈవిడకి తెలీదు, ఎవరికీ తెలీదు. ఆఫీసులో ఒక్క పేరే కావాలన్నారు. మళ్ళీ రాలేక నేనే రాసేశాను.”

బేబి చేతిలో దొండకాయ అలాగే పట్టుకుని అతని వంక చూసింది. “నా పేరే ఎందుకు రాశారండి?”

ఏదో ఒక పెద్ద కారణం చెప్పాలనిపించింది శ్యాంబాబుకి. చదువుకున్నారని, తెలివైనవారని, ఏదో ఒకటి. కాని వెతికితే అక్కడున్న కారణం ఒక్కటే.

“గడి చిన్నదండి. మీ పేరు రెండక్షరాలే.”

దడి దగ్గర ఎవరో ముక్కు చీదారు. బేబి దొండకాయ గంపలో వేసి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఆ కవరేదో చూపించమంది. శ్యాంబాబు ప్రాణం లేచొచ్చింది. గబగబా కవరూ రసీదూ కలమూ తీశాడు. రసీదు మీద ముందు సంతకం, తరవాత కవరు విప్పడమని చెప్పాడు.

“ముందు చదవండి” అంది బేబి.

రూలు అది కాదన్నాడు. విప్పిన కవరుకి రసీదు చెల్లదన్నాడు. ఈ పది రోజులూ దాటితే పర్మిషన్ రద్దవుతుందన్నాడు. ఆవిడ గొంతు పెంచలేదు.

“ఆ రోజు కూడా టైమైపోతోందన్నారండి. చదవమని అడగడానికి సిగ్గేసి ఊరుకున్నాను. ఇవాళ సిగ్గులేదండి నాకు. మీరు చదివితేనే పెడతాను.”

శ్యాంబాబు కవరు చించాడు. ఇంకేముంది, ఉన్న ఒక్క రూలూ పోయింది. చదవడం మొదలుపెట్టాడు. సూచిక, విషయం, తేదీ, అన్నీ పాఠం చెప్పినట్టే చదివాడు. ఒకటో షరతు, పడవలో ఎనిమిది మందికి మించరాదు. రెండు, రుసుము తీసుకోరాదు. మూడు, ఏటా పడవ తనిఖీ చేయించాలి. ఆడవాళ్ళు ఒక్కొక్కదానికీ తలాడించారు. నాలుగోది సగం చదివి ఆగిపోయాడు.

“ఊఁ, చదవండి” అంది సంపూర్ణమ్మ.

“తమ దరఖాస్తులో అంగీకరించిన ప్రకారం, సదరు పడవను రేవు పాటదారుని వేళలకు లోబడి, అనగా ఉదయం ఆరు గంటల నుండి సాయంత్రం ఆరు గంటల వరకు మాత్రమే నడపవలెను.”

సంపూర్ణమ్మ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాడు. మేమెప్పుడు అంగీకరించామని ఎవరూ అడగలేదు. అడగనక్కర్లేదు కూడా. ఎప్పుడో ఇంకో రేవులో ఎవరికోసమో తయారుచేసిన చేయూత వారి నమూనా దరఖాస్తులో ఆ వాక్యం అచ్చయి ఉంది. వాళ్ళు చెప్పిన ‘ఏ వేళైనా’ అన్న కాగితాన్ని పక్కనబెట్టి, దీంట్లో ఖాళీలు మాత్రం నింపి, మిగతా అచ్చు చదవకుండా ఇచ్చేశాడు శ్యాంబాబు. ఇంగ్లీషు మాస్టారు, ఆరేళ్ళుగా ఊరూరా తిరిగి చదవకుండా సంతకం పెట్టొద్దని పాఠాలు చెప్పిన మనిషి. బేబి పోస్ట్‌మేన్‌కి సంతకం పెట్టి ఉంటే ఈ పడవ కూడా సాయంత్రం ఆరింటికి ఒడ్డున కట్టేసి ఉండేది. బడి పోయినట్టే పోయేది ఇది కూడా, మళ్ళీ ఆవిడ సంతకంతోనే. ఆ పాపిష్టి పని చేసింది పరాయి ఆఫీసరు కూడా కాదు, సాయం చేస్తానని వచ్చిన తను.

నమ్మని నలుగురైదుగురు అప్పుడు దడి దాటి లోపలికొచ్చారు. ఎవరూ క్షమాపణలు చెప్పుకోలేదు. ఒకావిడ బేబి పక్కన చతికిలబడి దొండకాయలు ఏరడం మొదలుపెట్టింది, ఇంకొకావిడ లావణ్యని లోపలికెళ్ళి పడుకోమని కసిరింది.

“కొత్తది రాద్దామండి” అన్నాడు శ్యాంబాబు. పెరట్లోనే మంచం మీద కూర్చుని రాశాడు. ఒక వాక్యం రాయడం, పైకి చదవడం, పదకొండు మందీ ఆయ్ అన్నాక రెండోది రాయడం. అధ్యక్షురాలు అన్న మాటే ఎత్తకుండా, బాధ్యులు అని పదకొండు పేర్లూ ఒకదాని కింద ఒకటి రాశాడు. ఇంటిపేర్లతో సహా రాశాడు. గంటన్నర పట్టింది. ఆరేళ్ళలో ఏ దరఖాస్తుకీ పది నిమిషాలకి మించి పట్టలేదతనికి.

ఆరుగురు సంతకాలు చేశారు, నలుగురు వేలిముద్రలు వేశారు. చివర్న బేబి కలం తీసుకుంది. పేరు పూర్తిగా, ప్రతి అక్షరమూ కనపడేలా రాసింది. రాశాక కలం మూత పెట్టకుండా అతని చేతికే తిరిగిచ్చింది.

“రాసినోళ్ళు కూడా పెట్టాలి కదండి.”

శ్యాంబాబుకి డైరెక్టరు గారి సూత్రం గుర్తొచ్చింది. మనం బాధ్యులం కాదు. చెప్పబోయాడు కూడా, మా కేంద్రంలో అలా పెట్టకూడదండి అని. పదకొండు మందీ చూస్తున్నారు, ఎవరూ తొందరపెట్టడం లేదు. వీళ్ళకి నమ్మకం లేదని పొద్దున్న తనే అన్నాడు. అతను ‘ఇది రాసి చదివి వినిపించినది’ అని రాసి, కింద తన పేరు పెట్టాడు. ఇంతమంది చేత ఇన్నాళ్ళూ ఎంత సులువుగా పెట్టించానో అనుకున్నాడు.

ఆ తరవాత రేవుల సెక్షన్‌లో జరిగింది చెప్పుకోవాలంటే పెద్దిరాజు గారిని అడగాలి, ఆయన ఇప్పటికీ మొహం చిట్లిస్తారు. పదకొండు మందీ, వాళ్ళతో శ్యాంబాబూ వరండాలో రెండు రోజులు కూర్చున్నారు. బాధ్యులెవరో ఒకరు లోపలికి రండంటే పదకొండు మందీ లేచేవారు. ఎవరో ఒకరని రూలుందంటే, పదకొండు మంది కూడదని రూలుందా, ఉంటే పైకి చదవండని సంపూర్ణమ్మ మహా మర్యాదగా అడిగేది. ఆయన ఫైళ్ళన్నీ తిరగేశారు. అలాంటిది లేదు. మూడో రోజు ఆఫీసరు తన వరండా తనకి దక్కితే చాలనుకుని సంతకం చేశారు. ఈసారి పర్మిషన్‌లో వేళల ఊసు లేదు.

చేయూతలో మాత్రం శివరామకృష్ణ గారు సంజాయిషీ అడిగారు. సూత్రం తెలిసుండీ సంతకం ఎందుకు పెట్టావని రాతపూర్వకంగా కోరారు. శ్యాంబాబు సంజాయిషీ రాయలేదు. బీరువాలో ఉన్న నమూనా దరఖాస్తుల కట్టలన్నీ దించి, ఒక్కొక్కటీ మొదటి నుంచి చివరి దాకా చదవడం మొదలుపెట్టాడు. ఎన్నింట్లో అలాంటి వాక్యాలున్నాయో చూస్తుంటే, ఆ నూట నలభై సంఘాలూ వరసగా కళ్ళముందు నిలబడ్డాయి. వాళ్ళెవరూ కవర్లు తిప్పి పంపలేదు.

జూలై ఆఖరి ఆదివారం ఆసుపత్రి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతులోంచి సంపూర్ణమ్మ ఫోన్ చేసింది. ముందు రోజు సాయంత్రం ఏడింటికి లావణ్యకి నొప్పులొచ్చాయట. ఎర్రనీళ్ళు రేవు మూడో మెట్టు మీదున్నాయట. పడవ అవతలి గట్టుకి తగలగానే బుల్లిరాజు గారి మనిషి లాంతరు పట్టుకుని అడ్డమొచ్చి, కాగితమేదన్నాడట. బేబి పడవ దిగి, కొంగులోంచి పర్మిషన్, దానికి గుచ్చిన దరఖాస్తు నకలు తీసి, అతని లాంతరు వెలుగులోనే సూచిక దగ్గర్నుంచి చదవడం మొదలుపెట్టింది. చాల్లేమ్మా, వెళ్ళండి అన్నా వినలేదట. ఒక్కో షరతూ చదివింది, పదకొండు పేర్లూ ఇంటిపేర్లతో సహా చదివింది. ఆ చివర్న ‘రాసి చదివి వినిపించినది శ్యాంబాబు’ అన్నది కూడా విడిచిపెట్టకుండా చదివి, కాగితాలు మడిచి కొంగున కట్టుకుంది. అప్పటికే లావణ్యని ఎక్కించుకున్న ఆటో గట్టు దిగిపోయింది.